పొద్దుతిరుగుడు, హోలీహాక్: గింజ నాటాలా, నర్సరీ మొక్క కొనాలా?

ఎంవీపీ మేడతోట: పోయినేడాది నర్సరీలో పొద్దుతిరుగుడు మొక్కలు ఆరు కొన్నాను. జానెడు ఎత్తులోనే మొగ్గ వేసి ముద్దుగా ఉన్నాయి. కుండీల్లోకి మార్చాక మోకాలి ఎత్తు దాటలేదు. పూలు అరచేతిలో సగం లేవు. కవరు విప్పినప్పుడే చూశాను, తల్లివేరు అడుగున చుట్టలు చుట్టుకుపోయింది. పక్క కుండీలో లవ్‌బర్డ్స్ మేతలోంచి జారిపడిన రెండు గింజలు మొలిచి నా భుజం దాకా వచ్చాయి! పొద్దుతిరుగుడు, హోలీహాక్ (మందార కుటుంబపు పొడవాటి పూలమొక్క) లాంటి నిలువెత్తు పూలకు గింజే. కాదనేవాళ్లు చెప్పండి.

గాజువాక పెరడు: కాదనేది నేనేనండి. మీది మేడ కాబట్టి చెల్లింది. మా పెరట్లో గింజ పెడితే తెల్లారేసరికి ఉడతలు తవ్వుకుపోతాయి, మిగిలింది చీమల పాలు. బంతి, సీతమ్మజడ నారు కొని పెడితే శుభ్రంగా నడుమెత్తు వచ్చాయి.

ఎంవీపీ మేడతోట: బంతి సంగతి వేరండి. కాండం కాస్త మట్టిలోకి దించి నాటితే అక్కడి నుంచీ వేళ్లు వేస్తుంది. పొద్దుతిరుగుడికి, హోలీహాక్‌కి తల్లివేరే ప్రాణం. ఉడతలంటారా, గింజ అంగుళం లోతున పెట్టి, రెండాకులు విప్పేదాకా పాత ప్లాస్టిక్ బుట్ట బోర్లించి రాయి పెట్టండి. వారం పది రోజుల పనే.

భీమిలి గాలి: ఇద్దరూ నెల సంగతి వదిలేశారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకి మా వీధిలో చెట్లే నిలవలేదు, ఆరడుగుల పూలమొక్క ఎంత? అందుకే పొద్దుతిరుగుడు కార్తీకం వెళ్లాకే నాటతాను, సంక్రాంతి దాటాక పూస్తుంది. చిక్కల్లా హోలీహాక్‌తోనే. చలికాలమంతా ఆకులు పెంచుకుంటేనే ఎండలు ముదరకముందు ఫిబ్రవరి, మార్చిల్లో పూస్తుంది. అంటే తుపాన్ల అక్టోబరులోనే మొదలెట్టాలి. నేను పేపరు కప్పులకు అడుగున చిల్లులు పెట్టి, కప్పుకి రెండు గింజలు వేసి బాల్కనీలో ఉంచుతాను. తుపాను కబురు రాగానే ట్రే హాల్లోకి. మూడు నాలుగు ఆకులు రాగానే, వేరు చుట్ట తిరగకముందే, కప్పు చింపి మట్టిగడ్డతో సహా దింపేస్తాను.

గాజువాక పెరడు: అది నారే కదండీ! నేను గెలిచినట్టేనా?

ఎంవీపీ మేడతోట: మీరు కొన్న నారు కాదు, వారు పోసుకున్న నారు. కవరులో ఎన్ని వారాలు మగ్గిందో నర్సరీలో ఎవరు చెబుతారు? సరే, కప్పులదాకా ఒప్పుకుంటాను. మొగ్గ వేసిన మొక్కకు మాత్రం రూపాయి పెట్టను.

భీమిలి గాలి: ఊతకర్ర నాటిన రోజే గుచ్చేయండి. మొక్క ఎదిగాక గుచ్చితే వేళ్లు తెగుతాయి.

గాజువాక పెరడు: బుట్ట చూస్తాను. ఉడత రాయి దొర్లించేస్తే గింజల డబ్బులు మీవే, ఎంవీపీ గారూ.