వొయ్‌చెహ్ అనే పోలిష్ పేరుకు అర్థమేమిటి? అడల్‌బర్ట్ దానికి అనువాదమా?

ప్రశ్న – పుటలసంచారి

పోలండ్ మధ్యయుగ చరిత్ర చదువుతుండగా ఒక సందేహం కలిగింది. ఒకే సెయింటును ఒక పుస్తకంలో అడల్‌బర్ట్ అనీ, మరొక దానిలో వొయ్‌చెహ్ అనీ పేర్కొన్నారు. మొదటిది కులీనతనూ కాంతినీ సూచించే జర్మన్ పేరని తెలుసుకున్నాను. రెండవది దానికి పోలిష్ అనువాదమా? పోలండ్‌లో గ్రామపాలనాధికారిని ‘వుయ్త్’ అంటారు కాబట్టి, వొయ్‌చెహ్‌కు వాడే వొయ్‌తెక్ అనే ముద్దుపేరు ఆ మాటనుంచే పుట్టి ఉంటుందని నా ఊహ. తెలిసినవారు వివరించగలరు.

సమాధానం – పదమూలం

ఊహ సహజమే గానీ సరికాదు. ‘వుయ్త్’ అనే మాట లాటిన్‌లో పుట్టి జర్మన్ మీదుగా పోలిష్‌లోకి వచ్చింది. వొయ్‌చెహ్ అచ్చమైన స్లావిక్ పేరు, మన సమాసాల వలె రెండు పదాలు కలిసి ఏర్పడినది. పూర్వపదం ‘వొయ్’ యోధుణ్ణి సూచిస్తుంది; నేటికీ పోలిష్‌లో యుద్ధాన్ని ‘వొయ్నా’ అనీ, సైన్యాన్ని ‘వొయ్‌స్కొ’ అనీ అంటారు. ఉత్తరపదం ‘చెహ్’ ఆనందానికి, ఊరటకు సంబంధించినది. ఊరటకు వాడే ‘పొచెహా’ అనే మాటలో అదే ధాతువు ఉంది. ఇళ్లలో పిల్లవాణ్ణి కూడా ముద్దుగా ‘పొచెహా’ అనడం కద్దు.

చిక్కంతా విగ్రహవాక్యం దగ్గర వస్తుంది. ‘యుద్ధమందు ఆనందించువాడు’ అనవచ్చు, ‘యోధులకు ఊరట అయినవాడు’ అనీ అనవచ్చు. ఇటువంటి పాత స్లావిక్ పేర్లు బిడ్డకు ఇచ్చే దీవెనల వంటివి కనుక, ఒకే అర్థాన్ని తేల్చి చెప్పాలన్న పట్టుదల నాకు అనవసరం అనిపిస్తుంది. పేరు చివర ఉన్నది గొంతులో ఒరుసుకుంటూ పలికే ‘హ్’. రోమన్ అక్షరాలను బట్టి ‘వోజ్‌సీచ్’ అని రాయడం మాత్రం పొరపాటు.

సమాధానం – పాతకోట

అడల్‌బర్ట్ విషయం నేను చెబుతాను. అది అనువాదం కాదు. ఒకే మనిషికి ఉన్న రెండు పేర్లు. సుమారు 956లో బొహీమియాలో (నేటి చెక్ దేశంలో) ఒక ప్రభువంశంలో పుట్టిన ఆ బాలుడికి చెక్ భాషలో వొయ్‌త్యెహ్ అని పేరు పెట్టారు. తరువాత మాగ్డెబర్గ్‌లో చదువు చెప్పించిన ఆర్చిబిషప్ అడల్‌బర్ట్ పేరును అతడు స్థిరీకరణ (బాప్తిస్మం తరువాత విశ్వాసాన్ని దృఢపరిచే క్రైస్తవ) సంస్కారంలో స్వీకరించాడు. ఆ కారణంగానే, అర్థంలో ఏ పోలికా లేని ఈ రెండు పేర్లనూ జర్మన్, లాటిన్ రచనల్లో సమానార్థకాల వలె వాడుతూ వచ్చారు.

ప్రాగ్ బిషప్ అయిన ఆయన, క్రైస్తవం బోధించడానికి బాల్టిక్ తీరంలోని, అప్పటికి క్రైస్తవులు కాని ప్రష్యన్ల ప్రాంతానికి వెళ్లి 997 ఏప్రిల్ 23న హతుడయ్యాడు. పేరులో యోధుడున్నా ఆయన వెళ్లింది ఆయుధం లేకుండానే. పోలండ్ పాలకుడు బొలెస్వాఫ్ హ్రొబ్రి ఆ దేహానికి తూగే బంగారం ఇచ్చి విడిపించుకున్నాడని సంప్రదాయ కథనం. గ్నెజ్నో కేథడ్రల్‌లో 12వ శతాబ్దపు కంచు తలుపులపై ఆయన జీవితం 18 ఘట్టాలుగా పోతపోసి ఉంది. దేహాన్ని విడిపించుకునే దృశ్యమూ వాటిలో ఒకటి. 1000వ సంవత్సరంలో చక్రవర్తి మూడవ ఒట్టో ఆ సమాధిని దర్శించడానికి గ్నెజ్నో వచ్చాడు; పోలండ్‌కు సొంత ఆర్చిబిషప్ పీఠం ఏర్పడింది అప్పుడే. ఆ పేరు పోలండ్‌లో ఇంతగా నాటుకోవడానికి అర్థం కంటే ఈ చరిత్రే కారణమని నా అభిప్రాయం.

సమాధానం – సంబోధన

వాడుక గురించి కొంత చేరుస్తాను. ఏప్రిల్ 23 నేటికీ ఈ పేరుగలవారి నామదినం (తమ పేరుగల సెయింటును స్మరించే పండుగ రోజు). పోలిష్‌లో సంబోధనకు ప్రత్యేక రూపం ఉంది: పెద్దరికం పాటిస్తూ పిలిచేటప్పుడు ‘పానియె వొయ్‌చెహు’ అంటారు, కొంత చనువు ఏర్పడ్డాక ‘పానియె వొయ్‌త్కు’ అంటారు, చిన్నపిల్లవాణ్ణి ‘వొయ్‌తుష్’ అంటారు.

వొయ్‌తెక్ అనగానే చాలామందికి గుర్తుకు వచ్చేది మనిషి కాదు, ఎలుగుబంటి. 1942లో ఇరాన్‌లో పోలిష్ సైనికులు చేరదీసిన ఆ పిల్ల వారితోపాటే పెరిగింది. ఇటలీకి వెళ్లే ఓడ ఎక్కించడానికి దానిని 22వ ఫిరంగి సరఫరా కంపెనీలో సైనికుడిగా నమోదు చేశారు. 1944లో మాంటె కాసినో యుద్ధం తరువాత ఫిరంగి గుండు మోస్తున్న ఎలుగుబంటి బొమ్మ ఆ కంపెనీ చిహ్నమైంది. అది 1963లో ఎడిన్‌బరో జంతుప్రదర్శనశాలలో మరణించింది. ‘యుద్ధమందు ఆనందించువాడు’ అనే విగ్రహవాక్యం ఆ జంతువుకు ఎంతవరకు నప్పుతుందో పదమూలం గారే చెప్పాలి.

పుటలసంచారి

ముగ్గురికీ కృతజ్ఞతలు. నా వ్యాసంలో ఇకపై వొయ్‌చెహ్ అనే రాసి, మొదటిసారి వచ్చినచోట మాత్రం కుండలీకరణాల్లో అడల్‌బర్ట్ అని చూపుతాను.