టి-34 మీద సున్నం పూత: హెయిర్ స్ప్రే వేసినా తెలుపు పెచ్చులుగా ఊడుతోంది

ప్రశ్న:
1/35 స్కేల్ టి-34/85 (సోవియట్ యుద్ధ ట్యాంకు) మోడల్ కిట్. చలికాలంలో ట్యాంకులకు వేసే తెల్ల సున్నం పూత అరిగి, కింద ఆకుపచ్చ కనబడుతున్నట్టు చేయాలని. కింద ఆకుపచ్చ, టామియా కంపెనీ రంగులో లాకర్ థిన్నర్ కలిపి కొట్టాను, రెండు రోజులు ఆరింది. దానిపై హెయిర్ స్ప్రే (నీళ్లకు కరిగి పై రంగును వదిలేందుకు), ఆపైన వల్లెహో కంపెనీ ఆక్రిలిక్ తెలుపు. తడి బ్రష్‌తో రుద్దితే సన్నటి గీతలు రావాల్సింది పోయి, టరెట్ (ఫిరంగి ఉండే గోపురం) పక్కన గోరంత పెచ్చు ఒక్కసారే లేచింది. తప్పెక్కడ? పైన ఆయిల్ వాష్ (సందుల్లో నీడలా చేరే పలచటి ఆయిల్ రంగు) కూడా వేయాలి.

జవాబు 1:
వల్లెహో ఆరాక ప్లాస్టిక్ పొరలా సాగుతుంది, అందుకే పెచ్చుగా వస్తుంది. టామియా ఎక్స్‌ఎఫ్-2 (మ్యాట్ తెలుపు, అంటే మెరవనిది) వాడండి. ఈసారి లాకర్ థిన్నర్ వద్దు, కరుచుకుపోయి అసలు ఊడదు. నీళ్లు గానీ ఎక్స్-20ఎ (టామియా ఆక్రిలిక్ థిన్నర్) గానీ చాలు. తెలుపు పలచగా, కింద ఆకుపచ్చ అక్కడక్కడా కనబడేలా కొట్టండి.

హెయిర్ స్ప్రే అడుగు దూరం నుంచి రెండు పలచటి పూతలు, మధ్యలో పది నిమిషాలు. మందమైతే తెలుపు పగుళ్లిస్తుంది. తెలుపు తడి ఆరగానే, గంటా రెండు గంటల్లోపే పని మొదలుపెట్టండి. రెండంగుళాల మేర గోరువెచ్చటి నీళ్లు రాసి అర నిమిషం ఆగి, కుచ్చు పొట్టిగా కత్తిరించిన పాత బ్రష్‌తో పొడవండి. అంచులకు టూత్‌పిక్.

జవాబు 2:
ఎక్కడ ఊడాలో కూడా చూసుకోండి. టరెట్ పక్కనున్న పట్టుకునే కడ్డీల చుట్టూ, డ్రైవర్ మూత అంచున, సైనికులు ఎక్కి కూర్చునే ఇంజిన్ డెక్ మీద. నిజం ట్యాంకుల మీది సున్నం పూత సుద్దలాంటిది, వానకు కారేది. కాబట్టి నిలువు పలకల మీద తడి ఫ్లాట్ బ్రష్‌ను పైనుంచి కిందికే లాగండి. అన్ని వైపులా ఒకేలా ఊడితే చుక్కల చీరలా ఉంటుంది.

ప్రశ్న వేసినవారు:
ఊడిన చోట అతుకు వేయనా?

జవాబు 1:
వద్దు, గట్టు కనబడుతుంది. మొత్తం తెలుపు గోరువెచ్చటి నీళ్లతో కడిగేయండి. కింద స్ప్రే ఉంది కాబట్టి వచ్చేస్తుంది, లాకర్ థిన్నర్‌తో కొట్టిన ఆకుపచ్చకు ఏమీ కాదు.

జవాబు 3:
వాష్‌కి ముందు గ్లాసీ (మెరిసే) వార్నిష్ వేసి ఒక రోజు ఆరనివ్వండి. మ్యాట్ మీద వేస్తే వాష్ పాకి మరకలు కడుతుంది. ట్యూబ్ ఆయిల్ రంగును అట్టముక్క మీద అర గంట ఉంచితే నూనె పీల్చేసుకుంటుంది, లేకపోతే రోజుల తరబడి జిడ్డుగా మెరుస్తుంది. తెలుపు మీద నలుపు వాష్ మసిలా కనబడుతుంది, బర్న్‌ట్ అంబర్ మేలు. ఒక్క జాగ్రత్త: రంగు పడని ప్లాస్టిక్‌లోకి వైట్ స్పిరిట్ (ఆయిల్ రంగును పలచన చేసే ద్రావకం) దిగితే ఒత్తిడిలో ఉన్న భాగాలు పుటుక్కుమంటాయి. విడి లింకుల ట్రాక్, సస్పెన్షన్ చేతులు ముందు చూసుకోండి.