భూసేకరణ నోటీసు వచ్చింది, పరిహారం లెక్క సరిగ్గా ఉందా?

పొలంగట్టు: రోడ్డు వెడల్పుకి మా పొలంలో 70 సెంట్లు పోతోందండి. బయట ఎకరం 40 లక్షలు పలుకుతోంది, వీళ్లు ఎకరానికి 12 లక్షలే వేశారు. బోరు, మామిడి చెట్లు కూడా అందులోనే ఉన్నాయి. సంతకం పెట్టాలా వద్దా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సర్వేరాయి: ముందు నోటీసులో ఏ చట్టం రాశారో చూడండి. సెక్షన్ 11 అంటే 2013 భూసేకరణ చట్టం, అభ్యంతరాలకి 60 రోజులు. 3ఏ అంటే జాతీయ రహదారుల చట్టం, 21 రోజులే. మా బాబాయి 60 అనుకుని తాపీగా కూర్చున్నాడు, గడువు దాటిపోయింది.

పొలంగట్టు: సెక్షన్ 11 అండి.

రెండోపంట: అయితే ఆ 12 మూల విలువ, అంటే లెక్క మొదలుపెట్టే ధర అయ్యుంటుంది, చేతికొచ్చేది కాదు. 70 సెంట్లకి 8.4 లక్షలు. పల్లెల్లో దాన్ని 1 నుంచి 2 మధ్య గుణకంతో హెచ్చిస్తారు, ఎంతనేది రాష్ట్రం నిర్ణయిస్తుంది. 1.5 అనుకుంటే 12.6. చెట్లకి, బోరుకి 2 లక్షలు కడితే 14.6. దాని మీద నూటికి నూరు సొలేషియం (భూమి పోతున్నందుకు అదనంగా ఇచ్చేది), అంటే మొత్తం 29.2. మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం వేరే. గుణకం 1 అయితే మాత్రం 20.8 దగ్గరే ఆగుతుంది, కాబట్టి ముందు అది కనుక్కోండి.

కందిచేను: మాకు దెబ్బ మూల విలువలోనే తగిలింది. స్టాంపు విలువ (రిజిస్ట్రేషన్‌కి ప్రభుత్వం పెట్టిన ధర) ఒకటి, చుట్టుపక్కల మూడేళ్ల దస్తావేజుల్లో ఎక్కువ ధర ఉన్న సగం తీసి కట్టే సగటు ఒకటి, వీటిలో ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. మా ఊళ్లో కొనేది ఒక ధర, కాగితం మీద రాయించేది ఇంకో ధర. స్టాంపు డ్యూటీ మిగిలిందని అప్పుడు సంబరపడ్డాం (నేనూ అంతే, దాచేదేముంది). ఇప్పుడు ఆ కాగితాలే మా మెడకి చుట్టుకున్నాయి. బ్యాంకు లోనుతో కొన్న ఒకాయన మాత్రం పూర్తి ధర రాయించాడు. ఆ దస్తావేజు నకలు తీసి పెడితే కాస్త కదిలింది.

సర్వేరాయి: డబ్బు తీసుకోవచ్చు. కానీ 'అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని రాసి తీసుకోండి. రాయకపోతే సెక్షన్ 64 కింద పెంపు అడగలేరు. అవార్డు (పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) ఇచ్చేరోజు మీరు అక్కడే ఉంటే అర్జీకి 6 వారాలే టైము. ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టమంటే మాత్రం ఇంటికి తెచ్చి చదవకుండా పెట్టొద్దు.

తాతగారిఎకరం: పాసుపుస్తకం ఎవరి పేరున ఉంది? మాది ఇంకా తాతయ్య పేరు మీదే ఉంది. మేనత్తలు అభ్యంతరం చెప్పేసరికి డబ్బు అథారిటీలో (భూసేకరణ తగాదాలు తేల్చేది) డిపాజిట్ చేశారు. రోడ్డేమో పడిపోయింది, మేమింకా వారసుల కాగితాల చుట్టూ తిరుగుతున్నాం.

రెండోపంట: అవార్డు మీద ఆదాయపు పన్ను లేదు, సెక్షన్ 96. ఎవరైనా కట్ చేస్తే అది చూపించండి.

పొలంగట్టు: అందరికీ థాంక్స్. పాసుపుస్తకం నా పేరుతోనే ఉంది. ఇవాళ వెళ్లి సర్వే రిపోర్టు అడిగి చూశాను. 31 చెట్లుంటే 19 రాశారు, బోరు ఊసే లేదు. ఫొటోలు జతచేసి అర్జీ ఇచ్చి, తేదీ ముద్రతో రసీదు తీసుకున్నా. సోమవారం మళ్లీ కొలుస్తారట, ఆ రోజు నేనూ చెట్ల దగ్గరే ఉంటాను.