ఎస్ఎంఎస్ వెళ్లకపోతే వెంటనే మళ్లీ పంపాలా, ముందు కారణం వెతకాలా?

శీతలగది:
నమస్కారం. మందులు నిల్వ చేసే ఒక గదికి హెచ్చరిక యంత్రం కట్టాను. గది ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మైక్రోకంట్రోలర్ అరగంటకోసారి కొలుస్తుంది. 8 దాటితే సిమ్800ఎల్ మాడ్యూల్ (సిమ్ కార్డుతో సందేశాలు పంపే చిన్న పరికరం) ద్వారా ముగ్గురి ఫోన్లకు తెలుగులో ఎస్ఎంఎస్ వెళ్తుంది. మొదటి నుంచీ అప్పుడప్పుడు సందేశం వెళ్లక, మాడ్యూల్ నుంచి ‘సీఎంఎస్ ఎర్రర్ 500’ అనే లోపం అంకె వచ్చేది. సహోద్యోగి ఒకరు చిన్న మార్పు చేశారు: 5 సెకన్లలో మాడ్యూల్ నుంచి ‘ఓకే’ రాకపోతే మళ్లీ పంపడం, అలా మూడుసార్లు. అప్పటి నుంచి లాగ్‌లో, అంటే ప్రోగ్రాం రాసుకునే నమోదులో, ఒక్క ఎర్రర్ కూడా కనబడలేదు.

కానీ ఒకరికి ఒకే హెచ్చరిక మూడుసార్లు చేరింది. ఇంకో రాత్రి తలుపు సరిగా పడక గది వేడెక్కితే, ముగ్గురిలో ఎవరికీ ఏ సందేశమూ రాలేదు. గదిలోని మందులన్నీ పారేయాల్సి వచ్చింది. మళ్లీ పంపడం ఇలాంటి చోట సరైన పద్ధతేనా? దయచేసి అనుభవం ఉన్నవారు చెప్పండి.

రాగితీగ:
నా మట్టుకు సరైనది కాదు. 500 అంటే ‘కారణం తెలియని లోపం’ అని మాడ్యూలే ఒప్పుకుంటోంది. దానికే తెలియనప్పుడు మనం వెతకాలి కదా! మూడుసార్లు అడిగితే ఒకసారి పని చేసిందంటే లోపం పోలేదు, మన కంటికి కనబడటం మానేసింది, అంతే.

మొదట విద్యుత్తు చూడండి. ఈ మాడ్యూల్‌కు 3.4 నుంచి 4.4 వోల్టులు కావాలి. ప్రసారం చేసే క్షణంలో 2 ఆంపియర్ల వరకు లాగుతుంది. ఆ క్షణం నిడివి 577 మైక్రోసెకన్లు మాత్రమే, సెకనుకు సుమారు 217 సార్లు వస్తుంది. మల్టీమీటర్ సగటు చూపిస్తుంది కాబట్టి 4.0 వోల్టులు నిలకడగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఆసిలోస్కోప్ పెట్టి చూస్తేనే ప్రతి ప్రసారానికీ వోల్టేజీ గుంటలో పడి లేవడం తెలుస్తుంది. సన్నటి జంపర్ తీగలతో కట్టిన వాటిలో 3.1కి దిగజారడం నేను స్వయంగా చూశాను. తీగలు పొట్టిగా, లావుగా వేయండి. 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను మాడ్యూల్ కాళ్లకు ఆనించినంత దగ్గరగా పెట్టండి.

ఇంకో గుర్తు ఉంది. ఏటీ+ఐపీఆర్ అనే ఆదేశంతో బాడ్ రేటును (మాడ్యూల్, మైక్రోకంట్రోలర్ మాట్లాడుకునే వేగాన్ని) స్థిరపరచుకుంటే, మాడ్యూల్ చచ్చి లేచిన ప్రతిసారీ ‘ఆర్‌డీవై’ (సిద్ధం) అని పంపుతుంది. సందేశం పంపే మధ్యలో అది కనబడిందంటే ఇక ప్రోగ్రాంను అనుమానించనక్కరలేదు.

దూరవాణి:
రాగితీగ గారూ, మీరు చెప్పిన విద్యుత్తు సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. కానీ తీర్పు మాత్రం ఒప్పుకోలేను. ఇది గాలిలో నడిచే వ్యవహారం. టవర్ రద్దీగా ఉంటుంది, సిగ్నల్ ఊగుతుంది, నెట్‌వర్క్ సమాధానం ఆలస్యమవుతుంది. ఎర్రర్ అంకెల్లో 331 అంటే నెట్‌వర్క్ సేవ లేదు, 332 అంటే నెట్‌వర్క్ సమాధానానికి గడువు మించింది. వీటిని టంకం వేసి బాగుచేయగలరా? కాసేపు ఆగి మళ్లీ పంపడం తప్ప దారి లేదు. నెట్‌వర్క్‌లో ఎస్ఎంఎస్‌లను అందుకుని చేరవేసే సందేశ కేంద్రం చేసేదీ అదే. అవతలి ఫోను ఆపేసి ఉంటే దాచి ఉంచి, గడువు తీరేదాకా ప్రయత్నిస్తుంది. సందేశం అమరికలు పెట్టే సీఎస్ఎంపీ ఆదేశంలో మనం మామూలుగా రాసే 167 అనే అంకె అర్థమే ‘24 గంటలు ప్రయత్నించు’ అని.

పైగా ఇది మందుల గది. ఒకే హెచ్చరిక మూడుసార్లు వస్తే ఒకరి నిద్ర పాడవుతుంది. ఒక్కసారీ రాకపోతే ఏమవుతుందో శీతలగది గారు పైన రాశారు. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టకండి.

రాగితీగ:
తక్కెడ సంగతే మాట్లాడదాం. ఏ లోపమో చూడకుండా అన్నింటికీ ఒకే మంత్రంగా ‘మళ్లీ పంపు’ అని రాసిన ప్రోగ్రాం ఏం చేస్తుందో చూశారా? 310 అంటే సిమ్ లేదు. 330 అంటే సందేశ కేంద్రం నంబరు తెలియదు. ఏటీ+సీఎస్‌సీఏ ఆదేశంతో ఆ నంబరు అడిగి, సరిచేయాలి. వీటికి వెయ్యిసార్లు పంపినా ఫలితం ఒకటే. 311 అంటే సిమ్ పిన్ అడుగుతోంది. పాత పిన్ రాసి ఉన్న ఒక ప్రోగ్రాం, మళ్లీ పంపే వలయంలోనే పిన్ కొట్టడాన్ని కూడా పెట్టుకుంది. మూడు తప్పు ప్రయత్నాలు అయ్యేసరికి సిమ్ తాళం పడి పీయూకే (ఆ తాళం తీసే కోడు) అడిగింది. ఆ యంత్రాన్ని బాగుచేయడానికి వెళ్లింది నేనే. అందుకే ఈ పద్ధతి మీద నాకు ఇంత పట్టుదల.

పాతమోడెమ్:
ఇద్దరూ లోపం వచ్చిన తర్వాత ఏం చేయాలని వాదిస్తున్నారు. అసలు లోపం వచ్చిందని ఎవరు చెప్పారు? 5 సెకన్ల గడువు చెప్పింది! మూడు నకళ్ల రహస్యం అక్కడే ఉంది.

ఏటీ+సీఎంజీఎస్‌కు, అంటే సందేశం పంపే ఆదేశానికి, సమాధానం రావడానికి 60 సెకన్ల వరకు పట్టవచ్చని ఈ తరహా మాడ్యూళ్ల మాన్యువల్‌లోనే ఉంటుంది. నెట్‌వర్క్ 8వ సెకనులో సందేశాన్ని తీసుకుందనుకోండి. మీ ప్రోగ్రాం 5వ సెకనులోనే ఆశ వదులుకుని రెండోది మొదలుపెట్టింది. సందేశం వెళ్లింది, ‘ఓకే’ కూడా వచ్చింది, వినేవాడే లేడు. కాబట్టి గడువును 60 సెకన్లకు పెంచండి. నకళ్లు చాలావరకు ఆగిపోతాయి.

రెండోది. నంబరు పంపాక ‘>’ గుర్తు వచ్చేదాకా ఆగుతున్నారా, లేక అర సెకను ఆగి గుడ్డిగా సందేశం కుమ్మరిస్తున్నారా? చివర కంట్రోల్-జెడ్, అంటే 26వ కోడు, తప్పకుండా వెళ్తోందా? అది దారిలో తప్పిపోతే మాడ్యూల్ ఇంకా సందేశం వింటున్నాననే అనుకుంటుంది. ఆ తర్వాత మీరు పంపే ఆదేశాలన్నీ సందేశంలో భాగమైపోతాయి. ఇంగ్లీషు అక్షరాలతో నడిచే నా పాత యంత్రం నుంచి ఒకసారి ‘ట్యాంకు నిండింది’ అనే మాట వెనకే ‘ఏటీ+సీఎంజీఎస్’ అని ఆదేశం, దాని పక్కన నా నంబరు, అన్నీ కలిసి నా ఫోనుకే వచ్చాయి. ఇలాంటి స్థితిలో మళ్లీ పంపితే బురదలో ఇంకో అడుగు వేసినట్టే. ముందు ఎస్కేప్, అంటే 27వ కోడు పంపి ఆ సందేశాన్ని రద్దు చేయాలి. ఉత్త ‘ఏటీ’ అడిగి ‘ఓకే’ విన్నాకే కొత్తది మొదలుపెట్టాలి.

దూరవాణి:
గడువు విషయంలో పాతమోడెమ్ గారి మాటే సరి. ఒకటి చేర్చాలి: ‘ఓకే’ వచ్చిందంటే సందేశ కేంద్రం తీసుకుందని మాత్రమే, ఫోనుకు చేరిందని కాదు. సీఎస్ఎంపీలో మొదటి అంకెను 17కు బదులు 49 చేసి, సీఎన్ఎంఐ ఆదేశంలో చేరిక నివేదికలు (ఫోనుకు చేరిందో లేదో చెప్పేవి) వచ్చేలా పెడితే తర్వాత ‘సీడీఎస్’ వరుస వస్తుంది. సీఎంజీఎస్ సమాధానంలో ఇచ్చిన వరుస సంఖ్యే అందులోనూ ఉంటుంది. రెండింటినీ జత చూసుకుని, నివేదిక రానివాటినే మళ్లీ పంపండి. అప్పుడు గుడ్డిగా పంపినట్టు కాదు.

వేకువ:
ఎవరికీ రాని ఆ రాత్రి గురించి ఎవరూ మాట్లాడలేదేమిటి? ముగ్గురికీ మూడేసి ప్రయత్నాలు, మొత్తం తొమ్మిదీ పోయాయంటే అది గాలివాటం లోపం కాదు. శీతలగది గారూ, సందేశం తెలుగులో అన్నారు. ఎన్ని అక్షరాలు?

జీఎస్ఎం 7 బిట్ల అక్షరాలైతే ఒక ఎస్ఎంఎస్‌లో 160 పడతాయి. తెలుగుకు సాధారణంగా యూసీఎస్2 అనే అక్షరాల కోడింగ్ వాడతాం, అందులో 70 మాత్రమే. అదీ మన కంటికి కనిపించే అక్షరాల లెక్క కాదు. ‘ఉష్ణోగ్రత’ అనే మాట చూడండి. చూపుకు నాలుగు అక్షరాలు: ఉ, ష్ణో, గ్ర, త. ఎస్ఎంఎస్ లెక్కలో తొమ్మిది: ఉ, ష, పొల్లు, ణ, ఓత్వం, గ, పొల్లు, ర, త. ఒత్తులున్న ప్రతి చోటా ఇలా చోటు కరిగిపోతుంది.

శీతలగది:
వేకువ గారూ, మీ ప్రశ్న చదివి కూర్చుని లెక్కపెట్టాను. చేతులు వణికాయి.

ఉష్ణోగ్రత 9.8 అయినప్పుడు నా సందేశం సరిగ్గా 70. ఆ రాత్రి రెండు కొలతల మధ్య గది 7.6 నుంచి 10.4కు వెళ్లింది. 10.4లో ఒక అంకె ఎక్కువ, కాబట్టి 71. టెక్స్ట్ మోడ్ అనే మామూలు అమరికలో నా మాడ్యూల్ దాన్ని ప్రతిసారీ తిరస్కరించింది. ఇప్పుడే బల్ల మీద పెట్టి పరీక్షించాను: 9.8 వెళ్తోంది, 10.4 వెళ్లడం లేదు. గది మరీ వేడెక్కినప్పుడే నోరు మూసుకునేలా నేనే రాసుకున్నాను. మూడో ప్రయత్నమూ విఫలమైతే ప్రోగ్రాం లాగ్‌లో ఏమీ రాయకుండా ముందుకు వెళ్లిపోతోంది. లాగ్ శుభ్రంగా ఉండటానికి కారణం అదే.

రాగితీగ:
మొదటి రోజు వచ్చిన ఎర్రర్లను అలాగే వదిలి ఉంటే, బహుశా ఈ 71 కూడా ముందే బయటపడేది. నా బాధ అదే.

దూరవాణి:
ఆ లాగ్ రాసిన తీరు తప్పని ఒప్పుకుంటాను. ప్రతి ప్రయత్నం, ప్రతి ఎర్రర్ అంకె, సమయంతో సహా నమోదు కావాల్సిందే. అయినా 332 వచ్చినప్పుడు నా యంత్రం మళ్లీ పంపుతుంది, అందులో మార్పు లేదు. సందేశం ఇంగ్లీషులో పెట్టుకుంటే 160 వరకు హాయిగా ఉండొచ్చు కదా?

శీతలగది:
రాత్రి కాపలా ఆయనకు తెలుగే చదవడం వచ్చు. మొదట మేల్కోవాల్సింది ఆయనే. తెలుగు మార్చను.

వేకువ:
మార్చకండి. పొడవైన సందేశం తప్పనిసరైతే పీడీయూ మోడ్‌కు (సందేశాన్ని మనమే కోడుగా మార్చి ఇచ్చే అమరికకు) వెళ్లి ముక్కలుగా పంపవచ్చు, అప్పుడు ఒక్కో ముక్కలో 67. మీకు అంత అవసరం లేదు. ‘మందుల గది 10.4 డిగ్రీలు, వెంటనే చూడండి’ చాలు. పంపే ముందే ప్రోగ్రాం పొడవు లెక్కపెట్టాలి. 70 దాటితే ఉష్ణోగ్రతనూ గది పేరునూ ఉంచి మిగతాది కత్తిరించాలి.

శీతలగది:
వారం తర్వాత రాస్తున్నాను. తీగలు మార్చి కెపాసిటర్ పెట్టాక 500 ఒక్కసారే వచ్చింది, అప్పుడు ‘ఆర్‌డీవై’ కనబడలేదు. గడువు 60 సెకన్లు చేశాను. ‘>’ కోసం ఆగుతున్నాను. 310, 311, 330 వస్తే మళ్లీ పంపకుండా గదిలోని సైరన్ మోగుతుంది. 331, 332, 500లకు నిమిషం ఆగి మళ్లీ పంపుతుంది, గరిష్ఠంగా మూడుసార్లు, ప్రతిదీ లాగ్‌లోకి వెళ్తుంది. మూడూ పోతే అప్పుడూ సైరనే.

నిన్న రాత్రి కావాలనే తలుపు తెరిచి ఉంచి, ఖాళీ గదిని 11.2 దాకా పోనిచ్చాను. మూడు సందేశాలు, మూడు చేరిక నివేదికలు వచ్చాయి. కాపలా ఆయన నాకంటే ముందే తలుపు దగ్గరికి చేరుకున్నారు.