సమస్య: మున్నీటను నీరు లేదు ముమ్మాటికినిన్

నిర్వాహకుడు: నిన్న ఎవరో "కన్నీరు మున్నీరుగా ఏడ్చాను" అన్నారు. కన్నీరు సరే, సముద్రాన్ని ఈ మున్నీరనడమేమిటని తల గోక్కుంటుంటే ఈ పాదం వచ్చి కూర్చుంది. దీన్ని చివరి పాదంగా పెట్టి పద్యం పూరించండి. కానివ్వండి.

కందమూలం:
కన్నంత మేర నీరే
యెన్నఁడు దప్పికను దీర్ప దించుక యైనన్
క్రొన్నావ నున్నవారికి
మున్నీటను నీరు లేదు ముమ్మాటికినిన్

నల్లసిరా: క్రొన్నావ బాగుంది. దాహం అందరికీ తట్టేదే. ఇది చూడండి:
పన్నుగ బడబానలమది
యెన్నేండ్లుగ మండుచున్న నేమగు? చూడన్
సన్నని పొడియును మిగలదు
మున్నీటను నీరు లేదు ముమ్మాటికినిన్

అరసున్న: సముద్రంలో ఉండే నిప్పు, ఆ బడబాగ్ని, మండినా బూడిద మిగలదట! ఊహకు మొక్కాలి. కానీ అన్నా, బూడిద 'నీఱు' కదా. సమస్యలో ఉన్నది సాధురేఫం, మామూలు ర. బండి ర (ఱ) ఎక్కడ దిగిపోయింది?

నల్లసిరా: అచ్చులో ఱ కనబడి ఎన్నాళ్ళయింది? మునుపటి 'ఇల్లాలు' సమస్యలో ఆలును ఆవుల మంద చేసి ఇంటికి తోలుకొచ్చినవారు నా బండి చక్రాలు లెక్కపెడుతున్నారు!

అరసున్న: 'ఆవులు' 'ఆలు' కావడం వ్యాకరణసమ్మతమే. మా ఆవిడ మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు.

కొత్తచిగురు: మున్ను + ఈరు (పేను గుడ్డు). అదీ సంగతి!
మున్నున కీరును జేర్చిన
మున్నీరగు పేలకథయె ముచ్చట గాదే
అన్యుల కేల విచారము
మున్నీటను నీరు లేదు ముమ్మాటికినిన్

అరసున్న: మూడో పాదంలో ప్రాస (రెండో అక్షరం) జారింది. న్య, న్నకు జోడు కాదు.

నిర్వాహకుడు: 'అన్నల కేల' అంటే సరి. విరుపు అక్రమమే, నవ్వించింది కాబట్టి ఉంచుతున్నా.

కందమూలం: ఇంతకీ అసలు విరుపు ఎవరూ చెప్పలేదు. మూడు + నీరు అంటే ముల్లోకాలు, ముజ్జగాల దారే. 'డు' జారి మీది హల్లు ద్విత్వమవుతుందని వ్యాకరణకర్త చిన్నయసూరి సూత్రం ఉండనే ఉంది. వాననీరు, ఏటినీరు, ఊటనీరు అని తమిళ వ్యాఖ్యాతలు ఆ మూడూ లెక్కపెట్టారు కూడా. మును + నీరు అన్నారా, నేలకంటే ముందు పుట్టిన నీరు. తమిళంలో మూడు కలిస్తే ఒక న, ముందు కలిస్తే ఇంకో న. పాత కావ్యాల్లో రాత మూడు వైపే. మనకు రెంటికీ ఒకటే న, అందుకే తగవు.

నల్లసిరా: మూడైతే ముల్లోకాల్లా బహువచనం కావద్దూ?

కందమూలం: ముక్కంటి ఏకవచనం కాదూ? మూడు కన్నులు గలవాడు ఆయన, మూడు నీళ్ళు గలది ఇది.

అరసున్న: సరే, మూడే. మరి పాదం చివర ముమ్మాటు కూడా మూడు + మాటు (సారి)! ఒక మూడులో నీరు లేదని ఇంకో మూడు మీద ఒట్టు. నిర్వాహకులు కావాలనే పెట్టారా?

నిర్వాహకుడు: లేదు. కావాలనే పెట్టినట్టు రాసుకోండి.