మిల్లు మూతపడిన ఐటిఐ ఫిట్టరుకు ప్రభుత్వ రాయితీతో పై చదువు దొరుకుతుందా?

ప్రశ్న (విజయనగరం నుంచి)

అందరికీ నమస్కారం. నా వయసు 38. 2006లో ఐటిఐలో రెండేళ్ల ఫిట్టరు కోర్సు పూర్తి చేసి, జిల్లాలోని ఒక జూట్ మిల్లులో మొదట బదిలీ కార్మికుడిగా (రానివారి స్థానంలో పనిచేసేవాడిగా), తరువాత పర్మినెంటుగా, ఇన్నేళ్లూ మగ్గాల మరమ్మతు పనిలోనే ఉన్నాను. నాలుగు నెలల క్రితం ఉదయం షిఫ్టుకు వెళ్లేసరికి గేటుకు తాళం, పక్కన గోడకు ఒక నోటీసు కనిపించాయి. అప్పటి నుంచి పైడిభీమవరం వైపు మందుల పరిశ్రమల చుట్టూ తిరుగుతున్నాను. మెయింటెనెన్స్ విభాగంలో నా చేతిపని చూసి మెచ్చుకున్నవారు కూడా చివరికి డిప్లొమా ఉందా అనే అడుగుతున్నారు.

పట్టణంలోని ఒక స్టడీ సెంటరువారు 65,000 రూపాయలు కడితే దూరవిద్యలో ఏడాదికే బీటెక్ పట్టా ఇప్పిస్తామనీ, అందులో సగం తరువాత ప్రభుత్వం నుంచి తిరిగి వస్తుందనీ చెబుతున్నారు. నా భార్య డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుందామంటోంది. ఆ అప్పు వారం వారం తీర్చవలసింది ఆమె కుట్టుపని డబ్బులతోనే కనుక, సంతకం పెట్టే ముందు తెలిసినవారిని అడగాలనుకున్నాను. ఈ మాట నిజమేనా? నా వయసువాడికి ప్రభుత్వ సాయంతో చదువుకునే దారి ఏదైనా ఉందా?

జవాబు 1 (రాజాం నుంచి, పాలిటెక్నిక్ విశ్రాంత అధ్యాపకుడు)

దయచేసి ఆ డబ్బు కట్టకండి. దూరవిద్యలో ఇంజనీరింగు పట్టా ఇవ్వడానికి విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యుజిసి నిబంధనలు అనుమతించవు. అనుమతి లేకుండా అలా ఇచ్చిన ఇంజనీరింగు పట్టాల విషయంలో 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు కూడా వచ్చింది. ఏడాదిలో బీటెక్ అన్నది ఏ పద్ధతిలోనూ లేదు. ఇక సగం డబ్బు తిరిగి వస్తుందన్న మాట అంతకన్నా పెద్ద అబద్ధం. మన రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంటు రోజూ కళాశాలకు వెళ్లి చదివే కోర్సులకు, అదీ కన్వీనరు కోటాలో (ప్రభుత్వ కౌన్సెలింగు ద్వారా) చేరినవారికి, ఆదాయ పరిమితికి లోబడి, 75 శాతం హాజరు ఉంటేనే వర్తిస్తుంది. దూరవిద్యకు అది లేదు.

మీకు నిలిచే దారి డిప్లొమా. రెండేళ్ల ఐటిఐ పాసైనవారు బ్రిడ్జి కోర్సు పరీక్ష గట్టెక్కితే పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. అక్కడి నుంచి ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో సంవత్సరంలోకి వెళ్లే తలుపు కూడా తెరిచే ఉంటుంది. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఫీజు తక్కువే. అయితే అది పగటి చదువు కాబట్టి, మిల్లు మళ్లీ తెరిస్తే రెంటినీ కలిపి నెట్టుకురావడం కష్టం. పని చేసుకుంటూ చదివేవారి కోసం 2023 నుంచి సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసిటిఇ కొన్ని కళాశాలలకు అనువైన వేళల్లో డిప్లొమా, బీటెక్ తరగతులు నడపడానికి అనుమతి ఇస్తోంది. కనీసం ఒక సంవత్సరం ఉద్యోగానుభవం అడుగుతారు. మీకు దగ్గరలో ఏ కళాశాలకు ఆ అనుమతి ఉందో నేరుగా వెళ్లి ప్రిన్సిపాల్ గారిని అడగండి, మధ్యవర్తులను అడగవద్దు.

నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నన్ను బాధపెట్టిన సంగతి ఒకటి చెప్పాలి. మన రాయితీలన్నీ పద్దెనిమిదేళ్ల పిల్లవాడిని దృష్టిలో పెట్టుకుని రాసినవే. షిఫ్టు దిగి వచ్చే మనిషి 75 శాతం హాజరు ఎక్కడి నుంచి తెస్తాడు? ఆ ఖాళీలోనే ఇటువంటి సెంటర్లు బోర్డులు పెట్టుకుంటున్నాయి.

జవాబు 2 (శ్రీకాకుళం నుంచి, కార్మిక సంఘంలో పనిచేస్తున్నాను)

తమ్ముడూ, ముందుగా ఆ గేటు నోటీసును ఫొటో తీసుకొని, అందులో ఏ మాట రాశారో చదవండి. లాకౌట్ (యజమాని తాత్కాలికంగా గేటు మూయడం), లేఆఫ్ (పని ఇవ్వలేక కొంతకాలం ఆపడం), రిట్రెంచ్‌మెంట్ (ఉద్యోగం నుంచి తీసేయడం) అనే మూడు మాటలకు చట్టం దృష్టిలో మూడు వేర్వేరు ఫలితాలు ఉన్నాయి. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం కార్మికుడిని రిట్రెంచ్ చేసిన యజమాని అతని చివరి వేతనం లెక్కన 15 రోజుల జీతాన్ని పునర్నైపుణ్య నిధికి కట్టాలి, ఆ సొమ్ము రిట్రెంచ్ చేసిన 45 రోజుల లోపల కార్మికుడి ఖాతాలో పడాలి. మామూలుగా రావలసిన పరిహారానికి ఇది అదనం. 15 రోజుల జీతంతో డిప్లొమా పూర్తి కాదు గానీ, పుస్తకాలకూ బస్సు పాసుకూ సరిపోతుంది. లాకౌట్ అని రాసి ఉంటే మాత్రం మీ ఉద్యోగం చట్టరీత్యా ఇంకా ఉన్నట్టే కనుక ఈ నిధి అడగలేరు.

ఈఎస్ఐ చందా కట్టినవారు ఉద్యోగం పోయినప్పుడు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద సగటు వేతనంలో 50 శాతం చొప్పున గరిష్ఠంగా 90 రోజుల వరకు పొందవచ్చు. 2018 జులై 1న మొదలైన ఈ పథకం గడువును పొడిగిస్తూ వస్తున్నారు. మీ జీతం చీటీలన్నీ ఒక కవరులో భద్రపరచండి.

జవాబు 3 (పలాస నుంచి)

అన్నయ్యా, నేను జీడిపప్పు బట్టీలో పనిచేస్తూ ఇగ్నో సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బీఏ పూర్తి చేశాను. జీడిరసానికి తోలు లేచిపోయిన వేళ్లతో పెన్ను పట్టుకుని, రాత్రి వంట అయ్యాక అసైన్‌మెంట్లు రాసేదాన్ని. కాగితం మీద గోధుమరంగు మరకలు పడితే మా మేస్త్రమ్మగారి అమ్మాయి తిరిగి రాసిపెట్టింది. షెడ్యూల్డు కులాలు, తెగలవారికి కొన్ని కోర్సులలో ఇగ్నో ఫీజు మినహాయిస్తుంది, నాకు అలాగే గడిచింది.

నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదని ఇది రాస్తున్నాను. ఇంటర్మీడియట్ లేకుండా బీపీపీ అనే సన్నాహక కోర్సు ద్వారా డిగ్రీలో చేరాను. డిగ్రీ చేతికి వచ్చాక ఒక ఉద్యోగ ప్రకటనలో ఇంటర్ పాసై ఉండాలని అడిగితే, బీపీపీ ఇంటర్‌కు సమానం కాదని అప్పుడు తెలిసింది. మళ్లీ వెనక్కి వచ్చి ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టి పాసయ్యాను. రెండేళ్లు పోయాయి. మీకు ఐటిఐ ఉంది కనుక, ఆ సబ్జెక్టుల క్రెడిట్లను జాతీయ సార్వత్రిక విద్యాపీఠానికి (ఎన్‌ఐఓఎస్) బదిలీ చేసుకొని ఇంటర్ స్థాయి ధ్రువపత్రం తెచ్చుకునే వీలుందేమో అడగండి.

డిప్లొమాలో చేరేలోగా కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక అయిన స్వయం పోర్టల్లో పాఠాలు ఉచితంగా వినవచ్చు. వాటిలో ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ కోర్సులకు ధ్రువపత్రం కావాలంటే మాత్రం పరీక్ష ఫీజు వెయ్యి రూపాయలు కట్టి, కేంద్రానికి వెళ్లి రాయాలి.

తిరిగి ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఈ ఉదయం గేటు దగ్గరకు వెళ్లి నోటీసు చదివాను. వర్షానికి సిరా సగం కారిపోయినా లాకౌట్ అన్న మాట స్పష్టంగానే ఉంది. ఫొటో తీసుకున్నాను. స్టడీ సెంటరువారికి రావడం లేదని చెప్పేశాను. అడ్వాన్సుగా ఇచ్చిన రెండు వేలు తిరిగి ఇవ్వబోమని అన్నారు, ఆ సంగతి తరువాత చూసుకుంటాను. సోమవారం నా ఐటిఐ మార్కుల జాబితా తీసుకుని పాలిటెక్నిక్‌కు వెళ్తున్నాను. బ్రిడ్జి కోర్సుకు దరఖాస్తు చేయడానికి 2006 నాటి ఎన్‌టీసీ (ఐటిఐ పాసైనట్టు ఇచ్చే ధ్రువపత్రం) అసలు కాపీ అడుగుతారా, మాస్టారూ? నాది ఒక మూల చెదలు కొట్టింది, నంబరు మాత్రం చదవడానికి వీలుగానే ఉంది.