నాలుగు వారాలకే ఓటీటీ: మన దిక్కు టాకీసులకు దెబ్బా, మనకు లాభమా?

దేవరకొండ రోడ్డు:
మొన్న నల్లగొండ గడియారం సెంటర్లో చాయ్ తాగుతుంటే మా బామ్మర్దికి, నాకు పంచాయితీ అయింది. "నెల ఆగితే ఫోన్లోకొస్తది, థియేటర్‌కు పోయేటోడు పిచ్చోడు" అంటాడు. అక్కడ తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. నా మాటైతే ఏ సినిమా అయినా ఎనిమిది వారాలు ఆగాకే ఓటీటీకి రావాలి. 2022 ఆగస్టులో షూటింగులు బంద్ పెట్టి మరీ మన నిర్మాతలు అనుకున్నది అదే కదా. ఏమైంది? 'గేమ్ ఛేంజర్' 2025 జనవరి 10న థియేటర్లకు, ఫిబ్రవరి 7న ప్రైమ్‌కు. సరిగ్గా 28 రోజులు. 'కల్కి', 'పుష్ప 2' మాత్రం 56 రోజులు ఆగాయి. హిందీ మల్టీప్లెక్సులు ఎనిమిది వారాలు లేకుంటే స్క్రీన్లియ్యవు కాబట్టి ఆగారు. వాళ్ల కోసం ఆగినోళ్లు మన టాకీసుల కోసం ఎందుకు ఆగరు?

పాలమూరు పిల్లగాడు:
అన్నా, ఎవరిని ఆగమంటున్నావు? మాది నారాయణపేట దిక్కు. మా నాయన, చిన్నాయన ముంబైలో సెంట్రింగ్ పని. ఒక్క రూములో పన్నెండు మంది. రాత్రి వంటయ్యాక ఫోన్‌ను నూనె డబ్బాకు ఆనించి, స్టీలు గిన్నెలో స్పీకర్ పెట్టి చూస్తారు. తెలుగు సినిమా ఆడే థియేటర్‌కు పోవాలంటే రెండు లోకల్ రైళ్లు మారాలి, టికెట్టుకు సగం కూలి పోతుంది. 'సలార్' 2023 డిసెంబర్ 22న వచ్చింది, జనవరి 20కే నెట్‌ఫ్లిక్స్‌లో పడింది. మేస్త్రీ కొడుకు అకౌంటులో అందరూ చూశారు. ఎనిమిది వారాలంటే వాళ్లు ఆగరు, ఎవరో పంపిన దొంగ ప్రింటు దింపుకుంటారు. అప్పుడు థియేటరోడికీ రాదు, నిర్మాతకూ రాదు.

కౌంటర్ కాడి మనిషి:
నేను సూర్యాపేట దిక్కు ఒక సింగిల్ స్క్రీన్‌లో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నా. బయటివాళ్లకు తెలియని సంగతొకటి చెప్తా. జనం ఎగబడే మొదటి వారం మాకిచ్చేది అద్దె. జనం తగ్గాక పర్సంటేజీ, అంటే వసూళ్లలో వాటా అంటారు. 2025 మేలో ఎగ్జిబిటర్లు, అంటే థియేటర్లు నడిపేటోళ్లు గొడవ పెట్టుకున్నది దీనికే. మేం నాలుగు పైసలు చూసుకునేది రెండు, మూడు వారాలు ఆడే సినిమా మీదనే. ఇప్పుడు ఆ వారాలే లేవు. సినిమా మొదట్లోనే ఓటీటీ పార్ట్‌నర్ లోగో వేస్తారు. రెండో శుక్రవారం కౌంటర్ దగ్గరికొచ్చి టికెట్ అడగరు, "అన్నా, ఎప్పుడొస్తది ఫోన్ల?" అని అడుగుతారు.

ఓటీటీ ఒక్కటే కారణం అనను. 2024 మే 17 నుంచి తెలంగాణ సింగిల్ స్క్రీన్లు పది రోజులు మూసుకున్నప్పుడు ఎన్నికలు, ఐపీఎల్, పైగా చెప్పుకోదగ్గ సినిమాల్లేవు. కానీ మ్యాట్నీకి పదకొండు మంది వస్తే వాళ్లందరినీ ఒక్క దిక్కుకు కూర్చోబెట్టి, ఆ మూలకున్న ఏసీ మాత్రమే వేసే బతుకైంది మాది.

రీలు డబ్బా:
నవ్వొస్తోంది. ఎనభైలలో మా అచ్చంపేటకు సినిమా ఎప్పుడొచ్చేదో తెలుసా? హైదరాబాద్‌లో ఆడి ఆడి, కర్నూలు తిరిగి, ప్రింటు నిండా గీతలు పడ్డాక. రీలు డబ్బాలు ఆర్టీసీ బస్సు టాపు మీద దిగుతుంటే పిల్లలం వెనక ఉరికేటోళ్లం. మంచి పాట మధ్యలో తెగిపోయేది. ఎనిమిది వారాలు ఆగుడు మాకు కొత్త కాదు. అప్పుడు సిటీకి ముందు, మాకు తర్వాత. డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చాక అందరికీ ఒకటే శుక్రవారం. ఇన్నేళ్లకు మన ఊరికి వరస సమంగా వచ్చిందనుకుంటే హాలే ఖాళీ.

ఇంటామె:
మగవాళ్లు లెక్కలు బాగానే చెప్తున్నారు. తెలంగాణ సర్కారు 2021 డిసెంబర్ జీవో ప్రకారం ఏసీ సింగిల్ స్క్రీన్‌లో టికెట్ 150 దాకా, మల్టీప్లెక్స్‌లో 250 దాకా, పైన జీఎస్టీ. మేం అయిదుగురం. పిల్లాడికి పాప్‌కార్న్ కొనకుండా బయటికి రాగలమా? 'సంక్రాంతికి వస్తున్నాం' థియేటర్‌కొచ్చిన 46 రోజులకు, 2025 మార్చి 1న, జీ5లోనూ జీ తెలుగులోనూ ఒకేసారి వేశారు. ఫోన్ పట్టుకోవడం రాని మా అత్తమ్మ కూడా టీవీలో హాయిగా చూసింది. ఆ 46 రోజులు ఎవరూ చచ్చిపోలేదు. ఆగడానికి నాకేం అభ్యంతరం లేదు, వచ్చినప్పుడు టీవీలో కూడా వేయండి చాలు.

దేవరకొండ రోడ్డు:
అక్కా, మీరు నా దిక్కే ఉన్నట్టు :) పిల్లగాడా, మీ నాయన వాళ్ల సంగతి చదివాక ఎనిమిది వారాలని గట్టిగా అనలేకపోతున్నా. చిన్న సినిమాలకు మాత్రం కాస్త టైమియ్యాలి, ఒకరు చెప్తే ఇంకొకరు చూసే సినిమాలవి.

పాలమూరు పిల్లగాడు:
మరి 'బలగం'? 2023 మార్చి 3న రిలీజ్, 24కే ప్రైమ్‌లో. ఊళ్లలో తెరలు కట్టి చూసింది ఆ తర్వాతే. మా ఊరి పంచాయతీ ఆఫీసు ముందర కూడా వేశారు. ఆఖరి సీన్‌కు మా పెద్దనాయన, ఆయనతో ఆరేళ్లుగా మాట్లాడని తమ్ముడు ఒకే బెంచీ మీద కూర్చొని ఏడ్చారు.

కౌంటర్ కాడి మనిషి:
సంతోషమే తమ్మీ. కానీ ఆ తెరకు టికెట్ లేదు.

మిర్యాలగూడ సీడీలు:
నా దుకాణం పోయి పదేళ్లు దాటింది, అయినా ఒక మాట. మోజర్ బేర్ కంపెనీ వాడు సినిమా వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34కు అమ్మిన రోజుల్లో రైస్ మిల్లు హమాలీలు కూడా కొనుక్కుపోయేవాళ్లు. కొన్నది వాళ్లది. గీత పడితే అంగీ అంచుతో తుడిచి మళ్లీ పెట్టేటోళ్లు. మీరిప్పుడు నెలనెలా కట్టేది చూడనిచ్చినందుకు మాత్రమే. నిర్మాతతో ఓటీటీ వాడి అగ్రిమెంటు అయిపోతే సినిమా మాయం. వారాల గురించి కొట్లాడుతున్నారు, దీని గురించి ఒక్కరూ అడగరు.

ఇంటామె:
నిజమే అన్నా. మా అత్తమ్మ అడిగిన ఒక పాత సినిమా పోయినేడాది ఓటీటీలో చూపించా, ఈ దసరాకు వెతికితే లేదు. మీ దగ్గర పాత సీడీలేమైనా మిగిలాయా?

మిర్యాలగూడ సీడీలు:
రెండు అట్టపెట్టెలున్నాయి అటక మీద. పేరు చెప్పమ్మా, వెతుకుతా. ప్లేయర్ ఉందా ఇంట్లో?

ఇంటామె:
ఉండె. మొన్ననే పాత సామానోడికి వేశాం.